నైట్రాక్స్ సరే, ట్యాంక్ మన కళ్లెదుట కొలిచి ఇస్తున్నారా?

సంపాదకులకు నమస్కారం.

అండమాన్ సీజన్ దగ్గర పడేకొద్దీ ట్రావెల్ ప్యాకేజీల్లో ‘నైట్రాక్స్ డైవ్’ అనే మాట కనబడుతోంది. పక్కనే ‘ఆక్సిజన్ ఎక్కువ, అలసట తక్కువ, పూర్తిగా సురక్షితం’ అని రాసి, దానికి విడిగా డబ్బు తీసుకుంటున్నారు. ఇటు పత్రికల్లో ఫొటోల కింద స్కూబా డైవర్లు ‘ఆక్సిజన్ సిలిండర్లు’ తగిలించుకుని సముద్రంలోకి దిగారని రాయడం ఎప్పటినుంచో ఉన్నదే. రెండూ చదివినవారికి నీటి కింద ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనిపించడం సహజం. అది పొరపాటు, అదీ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాం.

మామూలు స్కూబా ట్యాంకులో ఉండేది మనం పీల్చే గాలే. 21 శాతం ఆక్సిజన్, 79 శాతం నైట్రోజన్. దాన్ని వడగట్టి, తేమ తీసి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు, అంటే 200 బార్ ఒత్తిడికి కుదించి నింపుతారు. ఆక్సిజన్ వాటా అంతకంటే పెంచిన మిశ్రమమే నైట్రాక్స్. వినోద డైవింగ్‌లో 40 శాతం దాటనివ్వరు. ఎక్కువగా వాడేవి 32, 36 శాతం మిశ్రమాలు. ఈ రెండింటికీ 1970లలో పద్ధతులు స్థిరపరిచింది అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా. అక్కడ డైవింగ్ విభాగం చూసిన మోర్గాన్ వెల్స్ దీనికి ఆద్యుడు. అదే సంస్థలో పనిచేసిన డిక్ రట్కౌస్కీ 1985లో సాధారణ డైవర్లకు నేర్పడం మొదలుపెట్టాక చాలా ఏళ్లు గొడవ నడిచింది. ‘దయ్యపు గ్యాస్’ అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. 1990ల మధ్యకు వచ్చేసరికి పెద్ద శిక్షణ సంస్థలన్నీ కోర్సులు పెట్టాయి. కాబట్టి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు, పరీక్షలకు నిలిచిన పద్ధతే. మన అభ్యంతరం గ్యాస్ మీద కాదు, అమ్మే తీరు మీద.

ముందు లాభం సంగతి. లోతులో ఉన్నంతసేపూ నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి కరుగుతూ ఉంటుంది. ఎక్కువ కరిగాక తొందరగా పైకి వస్తే బుడగలు కట్టి కీళ్లనొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం దాకా తెస్తుంది. డైవర్లు బెండ్స్ అనేది దాన్నే. నైట్రాక్స్‌లో నైట్రోజన్ తక్కువ కాబట్టి కరిగేదీ తక్కువే. ఎంత తక్కువో లెక్క కట్టడం తేలిక. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక బార్ పెరుగుతుంది, పైన గాలిది ఒక బార్. అంటే 30 మీటర్ల దగ్గర మొత్తం 4 బార్లు. 32 శాతం మిశ్రమంలో నైట్రోజన్ 68 శాతం కాబట్టి దాని వాటా 2.72 బార్లు. మామూలు గాలితో అంత నైట్రోజన్ తగిలే లోతు 24.4 మీటర్లు. అంటే మనిషి 30 మీటర్లలో ఉన్నా, నైట్రోజన్ విషయంలో శరీరం 24.4 మీటర్లలో ఉన్నట్టే. పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ మామూలు గాలికి ఇచ్చే పట్టికలో 30 మీటర్లకు నో-డెకో సమయం, అంటే పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగే అవసరం లేకుండా ఉండగలిగే సమయం, 20 నిమిషాలు, 24.4ను పై అంకెకు సర్ది 25 మీటర్ల వరుస చూస్తే 29 నిమిషాలు. తొమ్మిది నిమిషాలు కలిసొచ్చాయన్నమాట.

బ్రోచర్లు ఇక్కడితో ఆగిపోతాయి. ట్యాంకులో ఎంత గ్యాస్ ఉందన్న లెక్క వాటిలో కనబడదు. మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం ట్యాంక్ లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు. 200 బార్లకు నింపితే 2200 లీటర్ల గ్యాస్. అందులో 50 బార్లు అత్యవసరానికి ఉంచుకుని పైకి రావాలి కాబట్టి వాడుకోదగ్గది 1650 లీటర్లు. నిలకడగా ఊపిరి తీసుకునే మనిషికి ఒడ్డు మీద నిమిషానికి 20 లీటర్లు ఖర్చయితే 30 మీటర్ల దగ్గర దానికి నాలుగు రెట్లు, 80 లీటర్లు అవుతుంది. భాగిస్తే 20 నిమిషాలు. పైగా ఇందులోనే దిగడానికీ, ఎక్కడానికీ, జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర ఆగే మూడు నిమిషాలకూ సరిపెట్టాలి. కొత్త డైవర్లయితే కంగారులో ఇంకా ఎక్కువ లాగేస్తారు. 29 నిమిషాల అనుమతి చేతిలో ఉన్నా ట్యాంక్ అంతకు ముందే ఖాళీ అవుతుంది. 18 మీటర్లలోనూ అంతే: గాలితోనే 56 నిమిషాలు ఉండొచ్చు, అదే ట్యాంక్ అదే మనిషికి 29 నిమిషాలే వస్తుంది. రోజులో మొదటి డైవ్‌కు నైట్రాక్స్ తీసుకుని ‘ఎక్కువసేపు చూశాం’ అనుకునేవారిలో చాలామంది నిజానికి గాలితో ఉన్నంతసేపే ఉండి వస్తారు.

నైట్రాక్స్ విలువ తెలిసేది రెండో డైవ్ నుంచి. పొద్దున దిగినప్పుడు కరిగిన నైట్రోజన్ మధ్యాహ్నానికి పూర్తిగా పోదు. ఆ మిగులు తర్వాతి డైవ్ సమయాన్ని కోసేస్తుంది. రోజుకు మూడు, నాలుగు డైవ్‌ల చొప్పున వరుసగా కొన్ని రోజులు చేసేవారికి, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) దగ్గర డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ లాంటి లోతైన చోట్ల వెంటవెంటనే దిగేవారికి, పడవ మీదే ఉంటూ డైవ్ చేసేవారికి, నీటి కింద పనిచేసే గైడ్లకు ఇది పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువే. ఇంకో వాడకం కూడా ఉంది: నైట్రాక్స్ పీలుస్తూ సమయాన్ని మాత్రం గాలి పట్టిక ప్రకారమే పాటించడం. నిమిషాలు పెరగవు గానీ బెండ్స్ విషయంలో కొంత ఎడం దొరుకుతుంది. వయసు పైబడినవారికీ, బరువు ఎక్కువున్నవారికీ మేం చెప్పేది ఇదే. అప్పుడు కూడా లోతు హద్దు నైట్రాక్స్‌దే, గాలిది కాదని మరిచిపోకూడదు.

ఇక సర్టిఫికెట్ లేకుండా సరదాగా ఒకసారి దిగేవారి మాట. వారికి గరిష్ఠ లోతు 12 మీటర్లు. అక్కడ గాలితోనే 147 నిమిషాల సమయం ఉంది, ట్యాంక్ 40 నిమిషాల లోపే అయిపోతుంది. రుషికొండలోనో కర్ణాటక తీరంలోని నేత్రాణిలోనో మొదటిసారి దిగేవారికి నైట్రాక్స్ అంటగడితే అది కేవలం బిల్లు పెంచుకోవడమే.

అలసట తగ్గుతుందని చాలామంది డైవర్లు నమ్మకంగా చెబుతారు. గ్యాస్ పేరు చెప్పకుండా చేసిన పరీక్షల్లో మాత్రం ఆ తేడా తేలలేదు. లోతులో వచ్చే మత్తు తగ్గుతుందన్నదీ అంతే. ఆక్సిజన్ కూడా ఇంచుమించు నైట్రోజన్ అంత మత్తు పెట్టగలదే. ట్యాంక్ ఎక్కువసేపు వస్తుందన్నది మరీ అన్యాయం. ఊపిరితిత్తులు పీల్చేది లీటర్ల లెక్కన. అందులో ఏముందన్నది ఆ లెక్కను మార్చదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ, నైట్రాక్స్‌తో ఇంకా లోతుకు వెళ్లొచ్చన్నది. ఉన్నది సరిగ్గా దానికి తలకిందులుగా. ఆక్సిజన్ ఒత్తిడి ఒక హద్దు దాటితే మెదడుకు విషమవుతుంది. 1878లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ దీన్ని రుజువు చేశాడు. డైవ్ మొత్తానికి ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా) 1.4 బార్లకు మించకూడదన్నది ఇవాళ అందరూ పాటించే నియమం. 1.6 అనేది అత్యవసర హద్దు. అది పథకం వేసుకుని చేరే చోటు కాదు. 1.4ను ఆక్సిజన్ వాటాతో భాగించి, వచ్చిన బార్లలోంచి ఒకటి తీసేసి, పదితో గుణిస్తే మీటర్లలో హద్దు వస్తుంది. 32 శాతానికి 33 మీటర్లు. 36కు 28. 40కి 25. మామూలు గాలికి 56. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే 4 మీటర్లకే 1.4 బార్లు వచ్చేస్తాయి, 6 మీటర్లకు 1.6. నిజంగానే వీపున ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని 20 మీటర్లకు దిగితే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

హద్దు దాటితే వచ్చేది మూర్ఛ. చూపు సొరంగంలోంచి చూసినట్టు కుంచించుకుపోవడం, చెవుల్లో హోరు, వాంతి వచ్చినట్టుండటం, పెదవుల దగ్గర కండరాలు అదరడం, కారణం లేని చిరాకు, తలతిరుగుడు దానికి ముందు కనబడొచ్చు. ఏ ఒక్కటీ కనబడకుండా నేరుగా ఫిట్స్ రావడమూ ఉంది. ఒడ్డు మీద ఆక్సిజన్ వల్ల వచ్చే ఫిట్స్ దానంతటదే తగ్గిపోతుంది, మనిషి మామూలవుతాడు. నీటి కింద అయితే ట్యాంకులోని గాలిని ఊపిరికి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది, తర్వాతి ఊపిరికి నీళ్లు లోపలికి వెళ్తాయి. చంపేది మునకే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ నౌకాదళం కోసం 1942 నుంచి కెన్నెత్ డొనాల్డ్ చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. ఒకే మనిషి, అదే ఒత్తిడిలో, ఒకరోజు చాలాసేపు తట్టుకుని మరో రోజు కొద్దిసేపటికే పడిపోయేవాడు. ‘నాకు ఇదివరకు ఏమీ కాలేదు’ అనే మాటకు ఈ విషయంలో విలువ లేదు. ప్రవాహానికి ఎదురీదడం, బరువు పని, ఊపిరి బిగబట్టి గ్యాస్ ఆదా చేయాలని చూడటం, వీటన్నిటితో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ప్రమాదం ఇంకా ముందుకు జరుగుతుంది. అలాంటి చోట 1.4 కూడా ఎక్కువే, 1.3 దగ్గర ఆగడం మేలు. సమయానికీ హద్దుంది: నోవా లెక్కలో 1.4 బార్ల దగ్గర ఒక డైవ్‌కు 150 నిమిషాలు, రోజుకు 180. సెలవులకు వెళ్లి రెండు డైవ్‌లు చేసేవారు దాని దరిదాపులకు కూడా రారు. వారు చూసుకోవలసింది లోతు ఒక్కటే.

లోతు హద్దు తెలియాలంటే ట్యాంకులో ఎంత శాతం ఉందో తెలియాలి. కథంతా అక్కడే ఉంది. ఆక్సిజన్‌ను వేరు చేసే పొరల యంత్రం ఉన్న కేంద్రాల్లో 40 శాతం దాటడం కష్టం, పొరపాట్లు తక్కువ. యంత్రం ఖరీదు ఎక్కువ కాబట్టి చిన్న కేంద్రాలు ముందు ట్యాంకులోకి స్వచ్ఛమైన ఆక్సిజన్ కొంత ఎక్కించి, తర్వాత కంప్రెసర్‌తో గాలి నింపుతాయి. ఖాళీ ట్యాంకులో 200 బార్ల 32 శాతం మిశ్రమం కావాలంటే 27.8 బార్ల ఆక్సిజన్, మిగతాది గాలి. గేజి మీద 5 బార్లంటే ముల్లు వెడల్పంత. 28 అనుకుని 33 ఎక్కిస్తే మిశ్రమం 34 శాతమవుతుంది, హద్దు 31 మీటర్లకు పడిపోతుంది. తొందరగా ఎక్కిస్తే గ్యాస్ వేడెక్కి గేజి ఎక్కువ చూపుతుంది, చల్లారాక ఆక్సిజన్ తక్కువ తేలుతుంది. ఇవి చిన్నవి. ఒకరు ఆక్సిజన్ ఎక్కించి టీకి వెళ్లి, చాక్‌తో గుర్తు పెట్టకపోతే, ఇంకొకరు వచ్చి అదే ట్యాంకుకు మళ్లీ ఎక్కిస్తారు. గాలితో 200కు నింపాక అందులో ఉండేది 43 శాతం. బయటికి చూస్తే రెండు ట్యాంకులకూ తేడా ఉండదు, రుచి లేదు, వాసన లేదు. ఆ ట్యాంకుతో 30 మీటర్లకు దిగిన మనిషి 1.72 బార్ల ఆక్సిజన్ పీలుస్తాడు.

నింపేవాళ్ల ప్రాణం సంగతీ ఉంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలే ట్యాంక్, వాల్వ్, గొట్టం అన్నీ నూనె జాడ లేకుండా కడిగి ఉండాలి. ఓ-రింగులు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు చుట్టలు) ఆక్సిజన్‌కు తట్టుకునే రకానివి, పూసేది దానికోసం చేసిన గ్రీజే అయ్యుండాలి. ఓ-రింగు బిగుసుకుందని మామూలు సిలికాన్ గ్రీజో, వాజలీనో, కొబ్బరినూనో రాసే అలవాటు కొన్నిచోట్ల చూస్తుంటాం. వాల్వ్ టక్కున తిప్పితే దూసుకొచ్చే ఆక్సిజన్ గొట్టం చివర ఒక్కసారిగా నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి అక్కడున్న పిసరంత జిడ్డు అంటుకుంటే లోహం కూడా కాలుతుంది. అందుకే వాల్వ్ మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. శుభ్రం చేసిన ట్యాంకును మధ్యలో ఒకసారి నూనె జాడ లేకుండా వడగట్టని మామూలు కంప్రెసర్ గాలితో నింపితే, ఆ గాలిలో వచ్చిన నూనె ఆవిరితో శుభ్రత పోయినట్టే లెక్క. మళ్లీ కడిగాకే ఆక్సిజన్ ఎక్కించాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి ఎగ్గొట్టేది ఎక్కువగా ఈ మెట్టునే.

డైవర్ వైపు నుంచి చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఇంటికి గ్యాస్ బండ వస్తే తూకం వేయించుకుంటాం, సీలు చూసుకుంటాం. అలాగే ఏ ట్యాంకుతో దిగుతున్నామో దాన్ని స్వయంగా కొలుచుకోవాలి, కనీసం కొలుస్తుంటే పక్కన నిలబడి అంకె చూడాలి. అరచేతిలో పట్టే ఆక్సిజన్ ఎనలైజర్ చాలు. ఆన్ చేసి ముందు దాన్ని గాలిలో 20.9కి సరిచేయాలి. ట్యాంక్ వాల్వ్‌ను చెంప దగ్గర పెడితే చిరుగాలి తగిలినంత మాత్రమే తెరవాలి; ధాటిగా వదిలితే సెన్సర్ మీద ఒత్తిడి పడి అంకె ఎక్కువ చూపుతుంది. అంకె గబగబా ఎక్కి, తర్వాత నెమ్మదించి, ఒకచోట నిలబడుతుంది. అర నిమిషమో, నిమిషమో పడుతుంది. ఇంకా ఎక్కుతుండగానే ‘32 వచ్చింది, చాలు’ అని తీసేయడం పడవ మీద రోజూ కనబడే తొందరపాటు. అడిగిన శాతానికి ఒకటి అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. ఎక్కువ తేడా ఉంటే కొలిచిన అంకె ప్రకారమే లోతు హద్దు మార్చుకోవాలి, లేదా ట్యాంక్ వెనక్కిచ్చేయాలి.

మన కోస్తా ఉక్కపోతలో ఒక చిక్కుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నచోట బయటి గాలిలో ఆక్సిజన్ నిజానికి 20.2 శాతం చిల్లరే, మిగతా జాగా నీటి ఆవిరిది. దాన్ని 20.9 అని సరిచేస్తే పొడి గ్యాస్ ఉన్న ట్యాంక్ ఒక శాతం ఎక్కువ చూపుతుంది, 32 కాస్తా 33 అవుతుంది. అందుకే మామూలు గాలి నింపిన ట్యాంక్ మీద, అదే ధాటితో వదిలి సరిచేసుకోవడం మంచి పద్ధతి. సెన్సర్ వాడినా వాడకపోయినా రెండు మూడేళ్లలో అరిగిపోయే వస్తువు. అరిగిన సెన్సర్‌తో అసలు ప్రమాదమేమిటంటే, గాలిలో 20.9 చక్కగానే చూపిస్తుంది, ఆక్సిజన్ శాతం పెరిగేకొద్దీ తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. పైన చెప్పిన 43 శాతం ట్యాంకును పట్టుకోవాల్సిన పరికరమే దాన్ని దాచేస్తుంది. కేంద్రంవాళ్లు అప్పుడప్పుడు స్వచ్ఛమైన ఆక్సిజన్ మీద పెట్టి 100 దగ్గరకు వస్తోందో లేదో చూడాలి. సెన్సర్ మీద తయారీ తేదీ ఉంటుంది. కస్టమరు అడిగితే చూపించడానికి ఇబ్బంది ఏమిటి?

కొలిచాక ట్యాంకుకు టేపు అంటించి శాతం, మీటర్లలో గరిష్ఠ లోతు, తేదీ, కొలిచినవారి పొడి అక్షరాలు రాయాలి. కేంద్రం రిజిస్టరులో తీసుకున్నవారు సంతకం పెట్టాలి. పడవ మీద ఒకేలా కనబడే గాలి ట్యాంకులూ నైట్రాక్స్ ట్యాంకులూ కలిసిపోవడం మామూలే. పాత టేపు పీకకుండా కొత్త గ్యాస్ నింపిన ట్యాంక్, టేపే లేని ట్యాంక్, రెండూ కొలవని ట్యాంకులే.

లోతు, సమయం లెక్క చూపే, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో అదే శాతం పెట్టకపోతే ఇదంతా వృథా. నిన్న 32 పెట్టి, ఇవాళ గాలి ట్యాంకుతో దిగితే కంప్యూటర్ లేని నిమిషాలు ఉన్నట్టు చూపిస్తుంది, బెండ్స్ తప్పదు అనలేం గానీ పిలిచినట్టే. గాలి అని పెట్టి 36తో దిగితే 28 మీటర్ల దగ్గర మోగాల్సిన హెచ్చరిక మోగదు. కొన్ని కంప్యూటర్లు రోజు మారగానే వాటంతటవే గాలికి వెళ్లిపోతాయి, కొన్ని వెళ్లవు. మీ చేతికి కట్టిన రకం ఏం చేస్తుందో అద్దెకిచ్చినవారిని అడగాలి. జంటగా దిగేవారిలో ఒకరిది 32, ఒకరిది 36 అయితే ఇద్దరికీ హద్దు 28 మీటర్లే.

చివరగా విమానం సంగతి. నైట్రాక్స్‌తో దిగాం కాబట్టి తొందరగా విమానం ఎక్కొచ్చని చెప్పేవారున్నారు. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు లేదా వరుసగా కొన్ని రోజులు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. నైట్రాక్స్‌కు అందులో సడలింపు లేదు. వరుసగా డైవ్‌లు చేస్తూ, శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి పొద్దున విమానానికి టికెట్ ఉన్నవారు ముందు రోజు మధ్యాహ్నం డైవ్ పెట్టుకోకూడదు. ప్యాకేజీ అమ్మేటప్పుడే ఏజెంట్లు ఈ గంటలు చూసి తేదీలు వేయాలి.

ఇట్లు,
కొందరు స్కూబా శిక్షకులు,
విశాఖపట్నం